నర్సింగ్ చదువు: చెప్పింది చేయడమా.. ఆలోచించి చేయడమా?

డాక్టర్ చెప్పింది చేసేయడమే నర్సు పని.. చాలామంది అనుకునేది ఇదే. కానీ రోగి పక్కన 24 గంటలూ ఉండేది నర్సులే. అర్ధరాత్రి బీపీ పడిపోతోందని ముందు గమనించాల్సింది, రాసిన డోసు తేడాగా ఉంటే ఆగి అడగాల్సింది వాళ్లే. మరి అలా అడిగే ధైర్యం కాలేజీలో వస్తోందా?

సిలబస్ మారింది..

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌ను మార్చింది. నాలుగేళ్ల కోర్సును 8 సెమిస్టర్లు చేసి, క్రెడిట్లు తెచ్చింది. ఎంత చదివారన్నదే కాదు, ఏం చేయగలరన్నదీ చూడాలంటోంది. రోగి దగ్గరకు వెళ్లే ముందే బొమ్మలపై ప్రాక్టీస్ చేసేలా సిమ్యులేషన్ ల్యాబ్‌కూ చోటిచ్చింది.

వార్డులో మాత్రం పాత గొడవే!

స్టూడెంట్ వార్డుకు వచ్చేది నేర్చుకోవడానికా, పని చేయడానికా? ఇది కొత్త ప్రశ్నేం కాదు. 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నైటింగేల్ స్కూల్ మొదలైంది. ఆసుపత్రిలోనే నేర్చుకునే ఈ పద్ధతి చాలా దేశాలకు పాకింది. కానీ స్టూడెంట్లను చౌకగా దొరికే స్టాఫ్‌లా వాడుకుంటున్నారని అమెరికాలో 1923లోనే గోల్డ్‌మార్క్ రిపోర్ట్ తప్పుబట్టింది.

ఇక్కడా స్టాఫ్ తక్కువున్న వార్డులో స్టూడెంట్ కనిపిస్తే చాలు.. బీపీలు చూడు, బెడ్లు సర్దు, శాంపిల్స్ ల్యాబ్‌కు ఇచ్చిరా! చేతులకు పని అలవాటవుతుంది. 'ఎందుకు' అన్న ప్రశ్న మాత్రం మిగిలిపోతుంది. బీపీ 90కి పడిందని చార్టులో రాయడం ఎవరికైనా వస్తుంది. రక్తం పోతోందా, మందు ప్రభావమా, ఇప్పుడే ఎవరిని పిలవాలి.. ఇది తేల్చుకోవడమే అసలు చదువు.

అడిగితే తిట్లేనా?

కొత్తగా వచ్చిన నర్సు నిపుణురాలిగా మారడానికి ఐదు దశలుంటాయని ప్యాట్రీషియా బెన్నర్ 1984లో చెప్పారు. అది అనుభవంతోనే సాధ్యమన్నది ఆమె మాట. అయితే తప్పు ఒప్పుకుంటే అందరి ముందూ తిట్లు పడే చోట, స్టూడెంట్ నేర్చుకునేది తప్పును దాచడమే. దాని ఫలితం అనుభవించేది రోగి.

ఇప్పుడే ఎందుకీ చర్చ?

2014 తర్వాత వచ్చిన మెడికల్ కాలేజీల పక్కనే 157 కొత్త నర్సింగ్ కాలేజీలు పెడతామని 2023 బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించింది. 1947 నాటి చట్టం స్థానంలో అదే ఏడాది నర్సింగ్ కమిషన్ చట్టాన్నీ పార్లమెంట్ ఆమోదించింది. సీట్లు పెరగడం మంచిదే. కానీ బెడ్ పక్కన నిలబడి "ఈ మందు ఎందుకిస్తున్నావో చెప్పమ్మా" అని అడిగే టీచర్ లేకపోతే.. ఎన్ని సిలబస్‌లు మారినా చేతికొచ్చేది సర్టిఫికెట్ ఒక్కటే.