తులం బంగారం, టన్ను తుప్పు

మా చిత్తూరు జిల్లా ఆడవాళ్ళకి బంగారం గురించి ఒకరు చెప్పక్కర్లేదు. ఏ కొట్లో తరుగెంత వేస్తారో, మజూరీ ఎంత లాగుతారో నిద్రలో లేపి అడిగినా చెప్తారు. ఆ బంగారం ఎక్కణ్ణించి వచ్చిందమ్మా అంటే మాత్రం, ‘కొట్లోంచి’ అంటారు!

కుప్పం దాటి కాస్త అవతలికి పోతే కోలారు గనులు. 1880లో జాన్ టేలర్ కంపెనీ అక్కడ కాలుపెట్టింది. 1894లో రైలొచ్చింది. 1902లో శివసముద్రం నుంచి కరెంటొచ్చింది, బెంగుళూరు వీధుల్లో దీపాలు వెలగడానికి మూడేళ్ళ ముందే! 2001 ఫిబ్రవరి 28న తలుపులు మూసేదాకా తీసిన బంగారం సుమారు 800 టన్నులు. ఛాంపియన్ రీఫ్ గని లోతు మూడు కిలోమీటర్ల పైమాటే. మన గుడుపల్లె మండలంలోని చిగురుగుంట, బిసానత్తం గనులూ ఆ ఏడాదే మూతపడ్డాయి.

అంత లోతుకి దిగిందెవరు? ‘ఉత్తర ఆర్కాటు కూలీలు’ అని పాత కాగితాల్లో ఉంటుంది. అరవవాళ్ళేలే అని మనం పేజీ తిప్పేస్తాం. కానీ 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మనమూ ఉత్తర ఆర్కాటే కదండీ!

ఇప్పుడక్కడ మిగిలింది బావుల మీది ఇనుప గోపురాలు, రాయి మోసిన బళ్ళ పట్టాలు, కూలీల లైన్లు. ‘తుప్పు సామాను, తూకానికి అమ్మితే నాలుగు డబ్బులొస్తాయి’ అనే పెద్దమనుషులకి కొదవలేదు. అత్తగారి ఇత్తడి గంగాళాలు ఇచ్చేసి స్టీలు గిన్నెలు తెచ్చుకున్న ఇళ్ళలోనే, ఈనాడు అదే ఇత్తడిని పదింతల ధరకి కొని హాల్లో పెడుతున్నారు. ఇనుప గోపురం అలా తిరిగి కొనుక్కోవడానికి ఏ బజార్లోనూ దొరకదు.

సైనైడు దిబ్బల దుమ్ము సంగతి వేరు. గాలి వీస్తే వంటింట్లోకి వచ్చిపడే ఆ దుమ్ముకి విరుగుడు చూడాల్సిందే. గోపురం ఎవరి కళ్ళల్లో దుమ్ము కొట్టింది?

మన దగ్గర తవ్వుకుపోయిన ఆ దొరల దేశంలో ఏం చేశారో చూడండి. 1726 నాటికి కట్టిన కాజీ ఆర్చ్ అనే వంతెన మీద గుర్రాలు బొగ్గుబళ్ళు లాగేవి. దాన్ని ఇప్పటికీ కాపాడుకుంటున్నారు. వేల్సులో బిగ్ పిట్ అనే బొగ్గుగని 1980లో మూతపడింది. 1983లో మ్యూజియం అయింది. జనాన్ని అదే తొట్టెలో మూడొందల అడుగులు కిందికి దింపి చూపిస్తారు. చూపించేవాళ్ళలో పాత గనికార్మికులున్నారు.

చిగురుగుంటలో మళ్ళీ తవ్వాలన్న మాట నడుస్తోంది. తవ్వుకోండి. ముందు పాతవాటిలో ఒక గోపురం, నాలుగు గజాల పట్టాలు పక్కన పెట్టండి. లోపల ప్రాణాలు పోయినవాళ్ళ పేర్లు, తెలుగూ అరవమూ అనకుండా, ఓ రాతి మీద చెక్కించండి. టిక్కెట్టు పెట్టండి, కొంటాం. తిరుమల క్యూలో పిల్లాణ్ణి చంకనేసుకుని పన్నెండు గంటలు నిలబడేవాళ్ళం, అక్కడ ఓ గంట నిలబడలేమా?