దేహబలం తరిగాక మిగిలేది

అమెరికాలో ఫుట్‌బాల్ అని పిలిచే ఆట మనకు తెలిసిన కాలిబంతి ఆట కాదు. బంతిని చేతబట్టుకుని ప్రత్యర్థి గీత దాటించే క్రీడ అది. అందులో రక్షణ పక్షపు ముందువరుసలో నిలిచేవారు భారీకాయులు. ఎదుట గోడలా నిలిచిన వారిని ఛేదించుకుపోయి, బంతి విసిరేవాణ్ణి నేలకూల్చడం వారి పని. ప్రతి ఆటలోనూ దేహానికి దెబ్బలే. కనుకనే ఆ వృత్తికి ఆయుష్షు తక్కువ.

అటువంటివారిలో అగ్రగణ్యుడు అలన్ పేజ్. 1945లో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ పట్టణంలో నల్లజాతి కుటుంబంలో జన్మించారు. 1967లో మినెసోటా వైకింగ్స్ జట్టులో చేరారు. 1971లో లీగ్ మొత్తానికీ అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికయ్యారు. రక్షణ పక్షపు ఆటగాడికి ఆ గౌరవం దక్కడం అదే ప్రథమం. 15 సీజన్లలో వరుసగా 218 ఆటలు ఆడారు.

కీర్తి శిఖరాన ఉన్నప్పుడే ఆయన రేపటిని గురించి ఆలోచించారు. ఒకసారి న్యాయ కళాశాలలో చేరి కొద్దిరోజులకే మానుకున్నా, ఆశ వదలలేదు. ఆట సాగిస్తూనే మినెసోటా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి 1978లో పట్టా పొందారు. బరువు తగ్గాడనీ, మునుపటి సత్తా లేదనీ వైకింగ్స్ జట్టు ఆయనను వదులుకున్నదీ అదే సంవత్సరం. షికాగో బేర్స్ జట్టులో మరికొంతకాలం ఆడి 1981లో విరమించారు. 1993లో మినెసోటా సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. ఆ పీఠం అధిష్ఠించిన తొలి నల్లజాతీయుడు ఆయనే. 2015లో, 70 ఏళ్ల వయోపరిమితి వచ్చేదాకా కొనసాగారు.

1988లో ఫుట్‌బాల్ ప్రముఖుల సరసన చోటు దక్కినప్పుడు, తనను సభకు పరిచయం చేయడానికి ఆయన ఎన్నుకున్నది ఒక పాఠశాల ప్రధానోపాధ్యాయురాలిని. ఆనాటి ప్రసంగమూ చదువు గురించే. అదే ఏడాది ఆయన నెలకొల్పిన విద్యానిధి సంస్థ శ్వేతేతర విద్యార్థులకు సాయం అందించింది. ఒక షరతు పెట్టింది: సాయం పొందినవారు తమకన్నా చిన్న పిల్లలకు చదువులో తోడ్పడాలి.

సోదర సోదరీమణులారా! ఆయన మన ధర్మానికి చెందినవారు కారు. అయినా ఈ జీవితం మనకు బాగా తెలిసిన బోధననే గుర్తుచేస్తుంది. వార్ధక్యం రాకముందే యౌవనాన్ని, అనారోగ్యం కలగకముందే ఆరోగ్యాన్ని సద్వినియోగం చేసుకోమని దైవప్రవక్త (సఅసం) హితవు పలికారు. యౌవనాన్ని దేనికి ఖర్చు చేశావన్న ప్రశ్న ప్రళయదినాన తప్పదని కూడా హెచ్చరించారు. దేహబలం అల్లాహ్ అప్పగించిన అమానతు. దానికి గడువు ఉంది.

మన ఇళ్లలో ఒకడు క్రికెట్ మోజులో పుస్తకం వదిలేస్తాడు. మరొకడు పదో తరగతి కాగానే సంపాదన కోసం పనిలోకి వెళతాడు. ఇద్దరి ధీమా ఒక్కటే: ఒంట్లో ఉన్న సత్తువ. ఆటను నిషేధించనక్కరలేదు, బలమైన విశ్వాసి అల్లాహ్‌కు మరింత ప్రియమైనవాడు. సంపాదన అవసరమైన ఇంట పనీ తప్పకపోవచ్చు. కాని పని పక్కన ఒక సాయంకాలపు తరగతి, ఆట పక్కన ఒక పరీక్ష ఉండేలా చూడడం తల్లిదండ్రుల బాధ్యత. “చదువు” అన్న ఆజ్ఞతో ఆరంభమైన దివ్యవాణిని అందుకున్న సముదాయం మనది. ఆ ఆజ్ఞ ఆడపిల్లలకూ వర్తిస్తుంది.

మన బిడ్డలకు దేహబలాన్నీ, ప్రయోజనకరమైన జ్ఞానాన్నీ అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.