బీచిలో కుక్కని వదలకండి బాబూ

ముందే చెప్పేస్తున్నా, నాకు కుక్కలంటే ప్రాణం. మా ఇంట్లో రెండేళ్ళ లాబ్రడార్ ఉంది, పేరు బగ్గు. కోడ్ లో ఉన్నవి చాలక ఇంట్లో కూడానా అని మా టీమ్ లో అందరూ అనేశారు, మీరు మళ్ళీ అనక్కర్లేదు :)

మాది కవిటి, ఉద్యోగం విశాఖలో. మొన్న ఫిబ్రవరిలో ఓ శుక్రవారం సెలవు పెట్టి, బగ్గుని కారు వెనకసీట్లో వేసుకుని ఊరికి బయల్దేరాను. పలాస దాకా అది నిద్రే. కంచిలి దగ్గర హైవే దిగి కొబ్బరితోటల్లోకి వచ్చేసరికి కిటికీలోంచి తల బయటపెట్టి ఒకటే ఆత్రం. 2018 తిత్లీ తుఫానుకి మా తోటలో సగం చెట్లు పోయాయి. ఆ చోట పెట్టిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. అవి చూపిద్దామని నాన్న పిలుస్తున్నా వినకుండా, మర్నాడు తెల్లారకముందే ఇద్దరం కపాసుకుద్ది వైపు తీరానికి వెళ్ళిపోయాం.

ఆ టైములో అక్కడ ఎంత బాగుంటుందో చెప్పలేను. వెనక సరుగుడు తోపు హోరు, ముందు సముద్రం హోరు, మధ్యలో మనం. ఇసకంతా ఎర్రపీతలు, అడుగు వేసేలోపు కన్నాల్లోకి మాయం. పైన ఓ గరుడపక్షి. మనిషన్నవాడు లేడు కదా అని బగ్గు మెడపట్టీ విప్పేశాను. పోనీలే, అపార్ట్ మెంట్ కుక్క, ఒక్కరోజైనా స్వేచ్ఛగా పరిగెట్టనీ అనుకున్నా. నేను చేసిన తప్పు అదే.

ఇసకలో నీళ్ళ నుంచి పైకి, చిన్న ట్రాక్టర్ టైరు నడిచినట్టు ఓ జాడ కనిపించింది. పడవ లాగుంటారులే అనుకుని ఫోటో తీసుకుంటున్నా. ఈలోపు బగ్గు ఆ జాడ చివర ముందుకాళ్ళతో తవ్వేస్తోంది. దగ్గరికెళ్ళి చూస్తే పింగ్ పాంగ్ బంతుల్లాంటి తెల్లటి గుడ్లు. నాలుగు పగిలిపోయాయి. ఒకటి దాని నోట్లో ఉంది.

అప్పుడొచ్చాడు భుజాన సంచీతో ఓ తాత. అటవీశాఖ తాబేళ్ళ గుడ్ల కేంద్రంలో ఈ సీజనుకి పనిచేస్తున్నాడట. "ఏటి బాబూ, కుక్కని ఒగ్గేసినావేటి? రాతిరంతా తిరిగి గుడ్లు ఏరతన్నది మీ కుక్కల కోసమేటి?" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఏమీ తిట్టకుండా కూర్చుని, మిగిలిన గుడ్లు ఒక్కొక్కటీ సంచీలో పెట్టుకున్నాడు. "క్షమించు తాతా" అన్నాను. ఇంకేం అనను?

అవి ఆలివ్ రిడ్లే తాబేలు గుడ్లు. నలభై కిలోల జీవి రాత్రిపూట ఒడ్డుకొచ్చి, వెనక తెడ్డుకాళ్ళతో అడుగున్నర గొయ్యి తీసి, వంద దాకా గుడ్లు పెట్టి, ఇసక కప్పి, దానిమీద తన ఒళ్ళుతోనే దబదబా కొట్టి చదును చేసి సముద్రంలోకి వెళ్ళిపోతుంది. ఇక వెనక్కి రాదు. ఆపైన 45 నుంచి 60 రోజులు ఆ గుడ్లకి కాపలా ఇసకే. బయటపడ్డ పిల్లల్లో పెద్దయ్యేది వెయ్యికి ఒకటో రెండో అని అంచనా. మనకి కాస్త పైన, గంజాం జిల్లా రుషికుల్య దగ్గర 2025 ఫిబ్రవరిలో సుమారు 7 లక్షల తాబేళ్ళు గుడ్లు పెట్టాయి. మన ఉద్దానం తీరానికి అంత మంద రాదు, ఒకటీ అరా వస్తాయి. అందుకే ఇక్కడ ఒక్క గూడు పోయినా లెక్కే.

తాత వెంట నడిచి వెళ్ళి ఆ కేంద్రం చూశాను. వల కంచె, లోపల వరసగా గోతులు, ఒక్కోదానికి తేదీ రాసిన పుల్ల. నిజానికి గుడ్లని తల్లి పెట్టిన చోటే ఉంచడం మేలు. పిల్ల ఆడో మగో తేల్చేది ఇసక వేడి. కొన్ని గంటలు దాటాక గుడ్డుని కదిపితే లోపలి పిండం చచ్చిపోయే ప్రమాదం కూడా ఉంది. అయినా తీసుకొచ్చి ఇక్కడ పూడుస్తున్నారంటే కుక్కలూ నక్కలూ బతకనివ్వవు కాబట్టే. అంటే ఆ కంచె కట్టింది నా బగ్గు లాంటివాటికే!

మా ఫ్రెండుకి చెబితే, "ట్రాలర్ వలల్లో చిక్కి పెద్ద తాబేళ్ళే చస్తుంటే నీ కుక్క ఎంతరా?" అన్నాడు. కాదనను. మరపడవల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. తాబేళ్ళు ఎక్కువగా వచ్చేదేమో జనవరి నుంచి మార్చి దాకా. ఈ తేడా సంగతి ఎవరైనా గట్టిగా అడగాల్సిందే. కానీ ట్రాలర్ నా చేతిలో లేదు, తాడు ఉంది. ఊరకుక్కల మాటా అంతే. వాటికి యజమాని లేడు, బగ్గుకి ఉన్నాడు. ఆ యజమాని బీటెక్ చదివాడు కూడా. 1972 వన్యప్రాణి చట్టంలో ఈ తాబేలు పులితో పాటు మొదటి షెడ్యూల్లో ఉందని, దాని గుడ్లు పాడుచేయడం కూడా వేట కిందికే వస్తుందని ఇంటికొచ్చాక వెతుక్కుని తెలుసుకున్నాడు. తెలివి!

అమెరికాలో ఉన్న మనవాళ్ళు కొందరికి ఇది కొత్త కాదు. శాన్ ఫ్రాన్సిస్కో ఓషన్ బీచిలో స్నోవీ ప్లోవర్ అనే గుప్పెడంత పిట్ట కోసం ఏడాదిలో చాలా నెలలు కొంతమేర కుక్కకి తాడు ఉండాల్సిందే. అక్కడ మనం బుద్ధిగా పాటిస్తాం, బోర్డు ఉంటుంది కాబట్టి. సంక్రాంతికి ఊరొచ్చి బోర్డు లేని బీచి చూడగానే పట్టీ విప్పేస్తాం. విశాఖ తీరంలో కూడా ఇవే తాబేళ్ళు గుడ్లు పెడతాయి, అక్కడా పొద్దున్నే మన లాబ్రడార్లూ హస్కీలే. నేను బీచికి కుక్కని తీసుకెళ్ళొద్దు అనట్లేదు. జనవరి నుంచి మే దాకా తాడు విప్పొద్దు అంటున్నా. అంతకుమించి అడగట్లేదు.

ఆ సాయంత్రం కవిటి బజార్లో ఇరవై అడుగుల కొబ్బరితాడు కొన్నాను. ఆదివారం పొద్దున్న దాంతోనే మళ్ళీ అదే తీరానికి వెళ్ళాం. తాత కనిపించి బగ్గు తల నిమిరి, "దీనికేటి తెలుస్తాది పాపం" అన్నాడు, నా వైపు చూస్తూ. తిరిగొచ్చే దారిలో నర్సన్నపేట వచ్చేసరికి బగ్గు ఆ తాడు సగం నమిలేసింది. ఈసారి నైలాన్ ది కొనాలి.