కంప్యూటరులో మన ఇంటి పలుకు

కంప్యూటరు పిల్లలకు పాటలు వినుటకు మాత్రమే పనికివచ్చునని పెక్కుమంది తల్లిదండ్రుల తలంపు. ఆ యంత్రము వినిపించుటయే గాక వినును, విన్నదానిని దాచును. దానిలో మన పెద్దల మాటను దాచు పనిని మన విద్యార్థులు రాబోవు సెలవులలోనే చేపట్టవలెనని నా మనవి.

పర్లాకిమిడి 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రములో చేరినది. ఇచ్చటి మన ఇండ్లలో ఒడియా పదములు కలిసిన తెలుగు వినవచ్చును. వాచకములో కనిపించునది వేరొక తెలుగు. పిల్లవాడు రెండవది శుద్ధమనియు, మొదటిది తప్పనియు తలంచి నలుగురిలో నోరు మెదపుటకు సిగ్గుపడుచున్నాడు. పుస్తకములలోని తెలుగు ఎక్కడనైనను దొరకును. ఇంటి తెలుగు మన పెద్దలతోడనే పోవును.

ఈ ఊరిలోనే ఉపాధ్యాయులై యుండిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల భాషను వారి నోటినుండి విని నేర్చి, 1931లో దానిని గూర్చి ఇంగ్లీషున గ్రంథము ప్రకటించిరి. (వాడుక భాషకై పోరాడిన వారిని గ్రాంథికమున తలంచుట కొంత చోద్యమే!) పొరుగువారి భాషపై వారు చూపిన శ్రద్ధలో కొంతయైనను మన నాయనమ్మ మాటపై మనము చూపలేమా?

ఇందుకు ఖర్చు లేదు. ఆడాసిటీ అను సాఫ్ట్‌వేరు 2000వ సంవత్సరమునుండి ఉచితముగా లభించుచున్నది. ఎర్రని గుర్తును నొక్కిన రికార్డింగు మొదలగును. స్పేసుబారు నొక్కిన ఆగును. మరల నొక్కిన వినిపించును. సామాన్యముగా ధ్వనిని సెకనుకు 44,100 మారులు కొలిచి అంకెలుగా వ్రాసికొనును. ఫ్యాను ఆపి, మైకును నోటికి జానెడు దూరమున నుంచవలెను. తెరపై ధ్వనిరేఖ అంచులను తాకినచో గొంతు పగిలినట్లు వినబడును. పిమ్మట దానిని బాగుచేయుట దుర్లభము, కావున మైకు తీవ్రతను ముందే తగ్గించవలెను.

పిల్లలు పొరపడు తావు ఒకటి కలదు. ‘సేవ్ ప్రాజెక్టు’ అని దాచిన ఫైలు మామూలు పాటల ప్లేయరులో పలుకదు. ‘ఎక్స్‌పోర్టు’ ద్వారా వేవ్ ఫైలుగా తీయవలెను. 16 బిట్ల మోనోలో అది నిమిషమునకు సుమారు 5 మెగాబైట్లు. ఎంపీ3 చిన్నదే గాని, చెవి గుర్తింపదని తాను లెక్కించిన ధ్వనులను విడిచిపెట్టును. విడిచినది మరల రాదు. బంధువులకు పంపుటకు ఎంపీ3 చాలును, దాచుటకు వేవ్ కావలెను.

కత్తిరించుటకు, రొద తీసివేయుటకు కూడ ఇందులో సాధనములున్నవి. నాకు భయమెల్ల ఇక్కడనే. ఒడియా మాట దొరలినదని కత్తిరించు మనుమడు, “అట్లు కాదు నాయనమ్మా, ఇట్లు చెప్పు” అని దిద్దు మనుమరాలు ఆ పలుకునకు కీడే చేయుదురు. తడబాటు, దగ్గు, నవ్వు, నడుమ కోడికూత, అన్నియు నుండనిండు. మూలమును తాకక, వేరొక ప్రతిపై మీ నేర్పు చూపుడు.

దీనికి మార్కులు వచ్చునా అని కొందరడుగుదురు. రావు. అయినను నాయనమ్మ మాటను పదిమారులు విని ఉన్నదున్నట్లు వ్రాసిన పిల్లవానికి వచ్చు వినికిడి, వ్రాత ఏ ట్యూషనులోను రావు.

“మాట్లాడుము” అనిన పెద్దలు బిగిసికొని వాచకపు భాషకు దిగుదురు. ఆవకాయ యెట్లు పెట్టుదురని, పెండ్లినాడు వాన కురిసెనా అని అడుగుడు. ముందుగా వారి అనుమతి గొనుడు. ఫైలుపేరులో ఊరు, తేదీ వ్రాసి, ఒక ప్రతి ఇంటను, ఒకటి బడిలోను ఉంచుడు. వారు వలదన్న భాగమును మాత్రము మారుమాటాడక తుడిచివేయుడు.