డాబా మెట్ల మీద టెలిఫోను

సెల్ ఫోనులో మన దేశంలో మొదటి మాట 1995 జూలై 31న వినపడింది. కలకత్తా నుంచి మాట్లాడింది జ్యోతిబసు, ఢిల్లీలో విన్నది అప్పటి టెలికాం శాఖ మంత్రి సుఖ్‌రామ్. ముప్ఫయ్యేళ్ళు దాటిపోయాయి. ఈలోగా మన చేతుల్లోకి రాని ఫోను లేదు, మన గోడల మీద అంటించని ప్రకటన లేదు. అయినా ఈ రోజుకీ భీమడోలులో సగం వీధి వాళ్ళు ఫోను మోగితే చెంబు కింద పెట్టి డాబా మెట్లెక్కుతారు. "వినపడుతోందా? ఇప్పుడు వినపడుతోందా?" అని ఊరంతా వినేటట్టు అరుస్తారు. ఇంటి గుట్టు రచ్చకెక్కడం అంటే ఇదే కామోసు!

ఈ సంచికలో నిరుద్యోగం గురించీ, పరీక్షల సంస్కరణల గురించీ రాసే మిత్రులు చాలామంది వుంటారు. నేను సిగ్నల్ గురించి రాస్తున్నాను. నవ్వుకోకండి. హాస్టల్లో వుండే మనలో ఎంతమందిమి ఇంటికి ఫోను చేసి "మీరు ప్రయత్నిస్తున్న నెంబరు అందుబాటులో లేదు" అనే ఆ తియ్యటి గొంతు విని ఊరుకున్నామో లెక్కపెట్టుకుంటే ఇదేమంత చిన్న విషయం కాదని తెలుస్తుంది.

అసలు భీమడోలేమైనా అడవా? కాదే! ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ నడుమ, మద్రాసు - హౌరా రైలు మార్గం మీద వుంది. ఒకప్పుడు అయిదో నెంబరు, ఇప్పుడు పదహారో నెంబరు అంటున్న జాతీయ రహదారి మీద వుంది. ద్వారకా తిరుమల వెళ్ళే యాత్రికులు తిరిగే మలుపు మా ఊళ్ళోనే. 2022లో కొత్త జిల్లాలు వచ్చాక ఏలూరు జిల్లాలో చేరాం. టవర్లు లేకా కాదు. రోడ్డు మీద నిలబడితే ఫోను మీద గీతలు నిండుగా కనిపిస్తాయి. వీధి దాటి, వసారా దాటి, పడమటింట్లోకి వెళ్ళేసరికి ఒక్కొక్క గీతే ఆరిపోతుంది.

దీనికి కారణం ఫిజిక్సు చదివే మనవాళ్ళకి కొత్త కాదు. 850 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. 2300 మెగాహెర్ట్జ్‌ది 13. కొత్తగా వచ్చిన 5జీ ఎక్కువగా వాడే 3300ది 9 సెంటీమీటర్లు. పొడవు తగ్గినకొద్దీ ఎక్కువ సమాచారం మోస్తుంది, గోడని దాటే ఓపిక మాత్రం తగ్గుతుంది. మన తాతల పెంకుటిళ్ళకీ, మండువా లోగిళ్ళకీ ఈ బాధ అంతగా లేదు. ఇనప చువ్వలు వల అల్లినట్టు కట్టి, పైన కాంక్రీటు పోసి, దాని మీద ఎండ ఆగాలని ఇనప రేకులు కప్పిన ఇళ్ళు ఇవాళ్టివి. ఇది చాలదన్నట్టు మరో తిరకాసు వుంది. టవరు చాలా వాట్ల బలంతో మాట్లాడుతుంది. మన చేతిలో ఫోను గొంతు మహా అయితే వాటులో అయిదో వంతు. అందుకే అవతలివాళ్ళ మాట మనకి వినపడుతుంది, మన మాట వాళ్ళకి వినపడదు. అరిచినా ప్రయోజనం లేదు. అరుపు మైకుకి గాని ఏంటెన్నాకి కాదు గదా!

మా ఊరి సంగతే ఇలా వుంటే కొల్లేటి వైపు సంగతి వేరే చెప్పాలా? ఆగడాలలంక, చెట్టున్నపాడు ఇవన్నీ మా మండలంలోవే. చుట్టూ నీళ్ళు, చెరువు గట్లు, ఎక్కడో విసిరేసినట్టు నాలుగు మకాములు. కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది, 2002లో రామ్సర్ జాబితాకెక్కింది. ఆ హద్దు లోపల ఏది కట్టాలన్నా వన్యప్రాణి చట్టం కింద అనుమతులు కావాలి. పక్షుల మేలు కోరి పెట్టిన నిబంధన, దాన్ని నేను తప్పుపట్టను. కానీ హద్దు బయట కూడా జనం పలచన, రాబడి పలచన. అలాంటి చోట ఇంకో టవరు నిలబెట్టడానికి ఏ కంపెనీ ఉబలాటపడుతుంది?

ఈ చిక్కుకి ఒక మందు వచ్చింది. దాని పేరు వైఫై కాలింగ్. మన రాష్ట్రంలో ఎయిర్‌టెల్ వారు 2019 చివర్లో, జియో వారు 2020 జనవరిలో మొదలుపెట్టారు. ప్రభుత్వరంగ బీ.ఎస్.ఎన్.ఎల్. 2026 జనవరిలో దేశమంతటా ఇస్తున్నామని ప్రకటించింది. పని చేసే తీరు చాలా సులువు. ఇంట్లో కేబుల్ నెట్టో, ఫైబరో వుంటే చాలు. ఫోను మన మాటని టవరు కోసం గాలిలోకి విసరకుండా, ఇంట్లో రూటర్‌కి అప్పగిస్తుంది. అక్కడి నుంచి తాళం వేసిన పెట్టెలో పెట్టినట్టు ఇంటర్నెట్ మీదుగా కంపెనీ వారి ద్వారం దాకా పోతుంది. మనం ఫలానా అని సిమ్ము సాక్ష్యం చెబుతుంది. ద్వారం దాటాక అది మామూలు కాలే. నెంబరు మారదు, ప్యాకేజీ మారదు, అదనంగా రూపాయి లేదు.

"వాట్సాప్ వుంది గదా, ఇదెందుకు?" అని మా హాస్టల్లో ఒకాయన వాదించాడు. వాట్సాప్‌కి అటూ ఇటూ ఇద్దరికీ నెట్టు కావాలి, ఇద్దరికీ అదే యాప్ వుండాలి. మా మామ్మ దగ్గర వున్నది బొత్తాల ఫోను. ఏలూరు ఆస్పత్రిలో వున్నది తీగ ఫోను. వైఫై కాలింగ్‌లో ఈ చివర వున్నవాడికి నెట్టు వుంటే చాలు, ఆ చివర ఏ ఫోను మోగినా ఫరవాలేదు. పైగా బ్యాంకు వాళ్ళు పంపే ఓటీపీ వుందే, గ్యాసు బండ మొదలుకొని ఆధార్ దాకా దాని కాళ్ళు పట్టుకోనిదే పని జరగదు. అది కూడా చాలా ఫోనుల్లో వైఫై మీదే వచ్చేస్తుంది. కొన్నిటిలో రాదు, చూసుకోవాలి.

ఇంత సౌకర్యం ఫోనులోనే దాగి వుంటే జనానికి తెలియకపోవడం నాకు వింతగా తోస్తుంది. సెట్టింగ్సులో సిమ్ము పేరు కింద ఒక చిన్న మీట వుంటుంది. దాన్ని నొక్కడమే. ఆ మీట ఒకటుందని కంపెనీ వారు గోడల మీద రాయించరు. వేగం గురించి రాయిస్తారు, సినిమాల గురించి రాయిస్తారు. పోయిన వేసవిలో మా వీధిలో పదకొండు ఫోనులు చూశాను. తొమ్మిదింటిలో ఆ మీట వుంది, ఒక్కదాంట్లోనూ నొక్కి లేదు. నొక్కి ఇచ్చిన మర్నాడు పక్కింటి పిన్నిగారు, "ఏవిటోనయ్యా, వంటింట్లో నించునే మా అమ్మాయితో మాట్లాడేశాను, కూర కూడా మాడలేదు," అంది.

రాష్ట్రంలో తీగలకి కరువు కూడా లేదు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగానే ఊళ్ళలోకి పాకింది. నెలకి 149 రూపాయలకి టీవీ, ఫోను, సెకనుకి 15 మెగాబిట్ల ఇంటర్నెట్ అని అప్పుడు మొదలుపెట్టారు. మాట ఒక్కటే అయితే సెకనుకి 100 కిలోబిట్లు, కాస్త అటూ ఇటూగా సరిపోతుంది. అంటే 15 మెగాబిట్లలో నూట యాభయ్యో వంతు. అయినా మాట తెగిందంటే ఇంట్లో తమ్ముడెవడో అదే సమయానికి ఏ పెళ్ళి వీడియోనో పైకి ఎక్కిస్తున్నాడని అర్థం. తీగ సన్నం కాదు, తీగ ముందు వరస పెద్దది.

ఇంతవరకూ పొగిడాను. ఇక అసలు సంగతి.

మా బాబాయికి ఊరి బయట ఆరెకరాల రొయ్యల చెరువుంది. చెరువు లెక్క తెలియనివారి కోసం చెబుతున్నాను. నీళ్ళలో నాచు పగలంతా ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా తానే పీల్చుకుంటుంది. అందుచేత కోడి కూసే వేళకి నీళ్ళలో ఆక్సిజన్ అట్టడుగుకి పడిపోతుంది. ఆ వేళ ఏరియేటర్లు ఆగకుండా తిరగాలి. కరెంటు పోయి, జనరేటర్ వెయ్యడం ఆలస్యమైతే అప్పు చేసి పెట్టిన పంట ఒకటి రెండు గంటల్లో తేలిపోతుంది. మకాములో కాపలా మనిషి వుంటాడు. అక్కడ సిగ్నల్ అంతంత మాత్రం. అందుకని బాబాయి మకాము దాకా ఫైబరు లాగించి, వైఫై కాలింగ్ పెట్టించాడు. రెండు నెలలు భేషుగ్గా పనిచేసింది.

ఒక రాత్రి మూడు గంటలకి కరెంటు పోయింది. జనరేటర్ మొరాయించింది. బాబాయికి ఫోను చేద్దామంటే, కరెంటుతో పాటు రూటరూ ఆరిపోయింది! కబురు చెప్పవలసిన కష్టమూ, కబురు తెగడమూ ఒకే క్షణంలో వచ్చాయి. ఆ మనిషి సైకిలు తొక్కుకుంటూ ఊళ్ళోకి వచ్చి తలుపు బాదాడు. మెకానిక్కుని లేపి తీసుకెళ్ళి ఎలాగో గట్టెక్కారు. ఇంకో అరగంట అయితే ఏమయ్యేదో బాబాయి ఇప్పటికీ చెప్పుకోవడానికి ఇష్టపడడు.

పాత తీగ టెలిఫోనుకి ఈ జబ్బు లేదు. ఎక్స్చేంజిలో బ్యాటరీలుండేవి, 48 వోల్టుల కరెంటు ఆ తీగలోనే ఇంటికొచ్చేది. ఊరంతా చీకటైనా ఫోను మోగేది. ట్రంకు కాల్ బుక్ చేసి పోస్టాఫీసు అరుగు మీద పూటంతా కూచున్న రోజుల్ని పొగడాలని నాకు లేదు. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగ్ అంటూ మాటకి కూడా తరగతులుండేవి. కానీ ఆ బ్యాటరీ సంగతి మాత్రం పాతవాళ్ళకి తెలిసింది, కొత్తవాళ్ళు మరిచారు.

ఇంకొకటి. తుఫాను హెచ్చరికల్ని సెల్ బ్రాడ్‌కాస్ట్ అనే పద్ధతిలో ఫోనులన్నిటికీ ఒకేసారి పంపడం మన దేశంలో 2023 నుంచి పరీక్షిస్తూ వచ్చారు. ఫోను పెద్దగా కూస్తుంది, మీరూ వినే వుంటారు. ఆ కూత టవరు నుంచే వస్తుంది, వైఫై మీద రాదు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన తెలిసిన జిల్లాల వాళ్ళం మనం. సిగ్నల్ లేని ఇంట్లో వైఫై కాలింగ్ వుంది గదా అని కంపెనీ వారు చేతులు దులుపుకుంటే, ఆ ఇల్లు హెచ్చరిక అందని ఇల్లుగా మిగిలిపోతుంది. అలాగే 112కి వైఫై మీద ఫోను చేస్తే మనం ఎక్కడున్నామో వాళ్ళకి సరిగ్గా తెలుస్తుందన్న భరోసా లేదు. ఊరు, వీధి నోటితో చెప్పుకోవాలి.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. వైఫై కాలింగ్ మంచిదే, అందరూ వాడాలి. కానీ అది కంపెనీలు మనకి చేసిన ఉపకారం కాదు. వాళ్ళ గాలి మన ఇంట్లోకి రాకపోతే, మన తీగ మీద, మన రూటర్ మీద, మన కరెంటు మీద వాళ్ళ కాల్ నడుస్తోంది. సిమ్ముకి ఒకసారి, తీగకి ఒకసారి, ఒక్క మాటకి రెండుసార్లు డబ్బు కడుతున్నాం. కట్టగలిగినవాళ్ళం కడతాం. లంకల్లో వలేసుకు బతికేవాడికి తీగా లేదు, గాలీ లేదు. వాడి మాటేమిటి?

దీనికి డబ్బు లేదనడానికి వీల్లేదు. కంపెనీలు తమ లెక్కకట్టిన ఆదాయంలో నూటికి 5 రూపాయలు, రాబడి లేని పల్లెల్లో సౌకర్యాల కోసమని ఒక నిధికి కడతాయి. 2002లో సార్వత్రిక సేవా నిధి అని పుట్టింది, 2023 టెలికాం చట్టంతో డిజిటల్ భారత్ నిధి అయింది. ఆ అయిదు రూపాయలు ఎవరి జేబులోవి? మనం కట్టే బిల్లులోవే గదా! ఇక ట్రాయ్ వారు 2024లో కొత్త నిబంధనలు తెచ్చారు. ఏ ఊళ్ళో ఏ సిగ్నల్ వుందో ప్రతి కంపెనీ పటం గీసి అందరికీ చూపించాలన్నారు. మంచి నిబంధన. నేను ఆ పటం చూశాను. మా ఊరు మొత్తం నిండుగా రంగు పూసి వుంది! పటం తప్పు కాదు, రోడ్డు మీద అది నిజమే. ట్రాయ్ పరీక్షలు కూడా ఎక్కువ భాగం బండిలో ఫోనులు పెట్టుకుని రోడ్ల వెంట కొలిచేవే. మా మామ్మ మంచం రోడ్డు మీద లేదు మరి.

ఆ పటాన్ని రుజువుతో ఎదుర్కోవచ్చని నా నమ్మకం. గోడ లోపల సిగ్నల్ ఎంత వుందో ఫోనే డెసిబెల్ లెక్కలో చూపిస్తుంది. మన ఫిజిక్సు, ఎలక్ట్రానిక్సు శాఖల విద్యార్థులు సంక్రాంతి సెలవుల్లో తమ తమ ఊళ్ళలో ఇంటింటికీ తిరిగి, వసారాలో ఒకటి, వంటింట్లో ఒకటి, పడమటింట్లో ఒకటి లెక్క రాసుకు వస్తే, కొల్లేటి చుట్టుపక్కల ఊళ్ళ వరకయినా ఒక నిజమైన పటం తయారవుతుంది. లెక్చరర్లెవరైనా దీన్ని ప్రాజెక్టుగా ఒప్పుకుంటే మరీ సంతోషం. యూనియన్ తరఫున దాన్ని ట్రాయ్‌కీ, కంపెనీలకీ పంపుదాం. వెళ్ళిన చోటల్లా ఆ మీట కూడా నొక్కి రండి, అదేం బరువు కాదు.

రూటర్ సంగతి మరిచిపోకండి. 12 వోల్టుల చిన్న బ్యాటరీ పెట్టె బజార్లో దొరుకుతుంది. రూటర్ తినేది పది వాట్లకి అటూ ఇటూ, గంటల తరబడి నిలబడుతుంది. ఫైబరు పెట్టె వేరే, రూటర్ వేరే అయితే రెండిటినీ దానికే తగిలించాలి. కేబుల్ ఆపరేటర్ గదిలో వుండే పెట్టెకి కూడా బ్యాటరీ వుందో లేదో అడగండి, లేకపోతే ఇంట్లో పెట్టినా దండగే. మా బాబాయి ఇది పెట్టించి ఆర్నెల్లయింది. ఆ తరవాత కరెంటు నాలుగుసార్లు పోయింది. నాలుగుసార్లూ కాపలా మనిషి సైకిలు కదలకుండానే బాబాయి నిద్ర లేచాడు.