లబుబు వెనుక ఓ చిన్న షాపు కథ.. ఎవరి బొమ్మలో అమ్ముకునే దుకాణం సొంత బొమ్మ చేస్తే ఏమైంది?

ఓ బొమ్మ ఖరీదు కోటి రూపాయలంటే నమ్ముతారా? 2025 జూన్‌లో బీజింగ్‌లో జరిగిన వేలంపాటలో నాలుగడుగులకు పైగా ఎత్తున్న ఓ లబుబు బొమ్మ 10.8 లక్షల యువాన్లకు అమ్ముడుపోయింది. మన లెక్కలో రూ.1.25 కోట్లకు పైనే. బంగారం లేదు, వజ్రాలు లేవు. కుందేలు చెవులు, రంపపు పళ్లు, కొంటె నవ్వు. అంతే.

ఆ వార్తను దాదాపు అందరూ "ఇదేం పిచ్చిరా బాబూ" అని చదివి వదిలేశారు. కానీ అసలు కథ ఆ వేలంలో లేదు. ఆ బొమ్మను అమ్మే పాప్ మార్ట్ అనే కంపెనీ 15 ఏళ్ల కిందట బీజింగ్‌లో ఓ మామూలు షాపు. ఇతరులు చేసిన సరుకు తెచ్చి అమ్ముకునేది. ఆ షాపు తయారీలోకి ఎందుకు దిగింది? దిగాక ఏం దక్కింది? దాంతోపాటు నెత్తికెత్తుకున్న రిస్క్ ఏంటి? చిన్న దుకాణం నడిపేవాళ్లకీ, పిల్లలకు ఈ బాక్సులు కొనిచ్చేవాళ్లకీ పనికొచ్చే ప్రశ్నలివి.

మొదట్లో అమ్మింది ఏంటి?

పాప్ మార్ట్ వ్యవస్థాపకుడు వాంగ్ నింగ్‌ది హెనాన్ ప్రావిన్స్. 1987లో పుట్టాడు. అడ్వర్టైజింగ్ చదువుకున్నాడు. కాలేజీ రోజుల్లోనే ఓ చిన్న వ్యాపారం చేశాడు. షాపులో చిన్న చిన్న గళ్లు కట్టి, ఒక్కో గడిని ఒక్కొక్కరికి అద్దెకిచ్చేవాడు. వాళ్ల సరుకు వాళ్లు పెట్టుకుంటారు. ఇతనికి అద్దె వస్తుంది.

2010లో బీజింగ్‌లోని జోంగ్‌గ్వాన్‌సున్ ప్రాంతంలో ఓ మాల్‌లో పాప్ మార్ట్ తొలి షాపు తెరిచాడు. హాంకాంగ్‌లో చూసిన ఫ్యాన్సీ స్టోర్ల నమూనా అది. స్టేషనరీ, ఇంట్లోకి కావాల్సిన చిన్న వస్తువులు, ఫోన్ యాక్సెసరీలు, బొమ్మలు.. అన్నీ ఉండేవి. మన దగ్గర కాలేజీల ముందు కనిపించే గిఫ్ట్ షాపుల్లాంటిదే, కాస్త నీట్‌గా.

ఇలాంటి షాపుకు ఎక్కడైనా ఒకటే సమస్య. మీరు అమ్మేది పక్క షాపులోనూ దొరుకుతుంది. ఆన్‌లైన్‌లో ఇంకా తక్కువకు దొరుకుతుంది. ధర మీ చేతిలో ఉండదు. సరుకిచ్చేవాడు రేపు మానేస్తే మీ షెల్ఫ్ ఖాళీ. అద్దె మాత్రం నెలనెలా కట్టాల్సిందే.

ఒక్క ప్రశ్న దారి మార్చింది

2015 నాటికి షాపులో ఓ విచిత్రం కనిపించింది. సోనీ ఏంజెల్ అనే జపాన్ బుల్లి బొమ్మ ఒక్కటే అమ్మకాల్లో దాదాపు 30 శాతం తెస్తోంది. అది కూడా బాక్స్ తెరిచేదాకా లోపల ఏ బొమ్మ ఉందో తెలియని రకం. కొన్నవాళ్లు మళ్లీ మళ్లీ వస్తున్నారు. చిన్నపిల్లలు కాదు, ఉద్యోగాలు చేసుకునే అమ్మాయిలు.

కానీ ఆ బొమ్మ పాప్ మార్ట్‌ది కాదు. ఎంత అమ్మినా పేరూ హక్కూ జపాన్ కంపెనీవే.

2016 జనవరిలో వాంగ్ నింగ్ చైనా సోషల్ మీడియా వేదిక వీబోలో కస్టమర్లను ఓ మాట అడిగాడు. "సోనీ ఏంజెల్ కాకుండా మీరు ఇంకేం దాచుకుంటారు?" అని. చాలామంది చెప్పిన పేరు మాలీ. పెదవులు బిగించి, అలిగినట్టు చూసే పెద్ద కళ్ల పాప. హాంకాంగ్ ఆర్టిస్ట్ కెన్నీ వాంగ్ 2006లో గీసిన బొమ్మ అది. వాంగ్ నింగ్ హాంకాంగ్ వెళ్లి ఆయన్ను కలిశాడు. అదే ఏడాది మాలీ సిరీస్ పాప్ మార్ట్ పేరుతో షాపుల్లోకి వచ్చింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. వినైల్ ఆర్ట్ బొమ్మల్ని పాప్ మార్ట్ కనిపెట్టలేదు. 1990ల చివర్లోనే మైఖేల్ లౌ లాంటి హాంకాంగ్ ఆర్టిస్టులు వాటికి ఊపు తెచ్చారు. అయితే అవి కొద్ది సంఖ్యలో, ఎక్కువ ధరకు, తెలిసినవాళ్ల మధ్యే తిరిగేవి. ఆర్టిస్టు దగ్గర బొమ్మ ఉంది, ఫ్యాక్టరీల దగ్గర మెషీన్లున్నాయి. జనం ఏం కొంటారు, ఎంతకు కొంటారు, మళ్లీ ఎప్పుడొస్తారు.. ఇవి తెలిసింది మాత్రం కౌంటర్ వెనుక నిలబడ్డవాడికి. ఆ చిన్న షాపు పెట్టుబడి అదే.

ఖర్చంతా అచ్చులోనే

బొమ్మ తయారీ అనగానే ప్లాస్టిక్కే కదా, ఎంతవుతుంది అనుకుంటాం. ప్లాస్టిక్ చవకే. అసలు ఖర్చు అచ్చుది.

ముందు ఆర్టిస్టు గీసిన దాన్ని శిల్పంగా మలుస్తారు. దాన్ని తల, చేతులు, ఒళ్లు అని ముక్కలుగా విడదీసి ఒక్కోదానికి లోహపు అచ్చు చేస్తారు. వేడి ప్లాస్టిక్‌ను ఒత్తిడితో అందులోకి పంపి, చల్లారాక తీస్తారు. తర్వాత స్ప్రేతో రంగులు. కళ్లు, పెదవులు లాంటి సన్న గీతల్ని ప్యాడ్ ప్రింటింగ్‌తో అద్దుతారు. కనుపాప ఒక మిల్లీమీటరు జరిగినా ముఖం మారిపోతుంది. ఆ పీస్ పక్కన పెట్టాల్సిందే. అందుకే రంగులు వేసే చోట, ముక్కలు అతికించే చోట ఇప్పటికీ మనిషి చేయి పెద్ద పనే చేస్తుంది.

ఉదాహరణకు అచ్చుకి రూ.5 లక్షలు అయిందనుకుందాం. 500 బొమ్మలు చేస్తే ఒక్కోదాని మీద అచ్చు ఖర్చే రూ.1,000. అదే 50 వేలు చేస్తే రూ.10. అంటే ఎక్కువ చేస్తేనే గిట్టుబాటు. ఎక్కువ చేశాక అమ్ముడుపోకపోతే? గోడౌన్ నిండా అలిగిన పాపలే. షాపు వాడికి మిగిలిన సరుకు తిప్పి పంపే దారి కొన్నిసార్లు ఉంటుంది. తయారీదారుకి ఆ దారి లేదు.

బ్లైండ్ బాక్స్ లెక్క ఇదీ

ఈ రిస్క్‌ను పాప్ మార్ట్ దాటింది బ్లైండ్ బాక్స్‌తోనే. సాధారణంగా ఒక సిరీస్‌లో 12 బొమ్మలుంటాయి. పైన ఒక సీక్రెట్ బొమ్మ. చాలా సిరీసుల్లో అది 144 బాక్సులకు ఒకటి. చైనాలో ఒక బాక్స్ ధర 59 యువాన్ల దగ్గర నడిచింది, అంటే దాదాపు రూ.700.

కొనేవాడి వైపు నుంచి లెక్క వేద్దాం. 12 బొమ్మలూ సమానంగా వచ్చే అవకాశం ఉందనుకుని ఒక్కో బాక్స్ విడిగా కొంటూ పోతే, మొత్తం సెట్ పూర్తవడానికి సగటున 37 బాక్సులు కావాలి. దాదాపు రూ.26 వేలు. అదే 12 బాక్సుల కేస్ ఒకేసారి కొంటే, అందులో సాధారణంగా ఒకే బొమ్మ రెండుసార్లు రాదు కాబట్టి రూ.8,500తో అయిపోతుంది. సీక్రెట్ బొమ్మ సంగతి ఇంకా ఘోరం. విడివిడిగా 144 బాక్సులు కొన్నా, అది చేతికి రాకుండా పోయే అవకాశం 36 శాతం పైనే.

కంపెనీ వైపు నుంచి చూస్తే ఇది మరోలా ఉంటుంది. 12 బొమ్మల్లో జనానికి అంతగా నచ్చని మూడు నాలుగు ఉంటాయి. విడిగా పెడితే మిగిలిపోయేవి. మూసిన బాక్సులో అన్నీ ఒకే ధరకు, ఒకే వేగంతో పోతాయి. గోడౌన్‌లో ఉండాల్సిన రిస్క్ కొనేవాడి చేతిలోకి వెళ్తుంది.

ఇదే ఇప్పుడు విమర్శలకు మూలం. ఏం వస్తుందో తెలియని ఉత్కంఠ జూదం లాంటిదే కదా అనే ప్రశ్న చైనాలోనే వచ్చింది. అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ 2023లో మార్గదర్శకాలు తెచ్చింది. 8 ఏళ్లలోపు పిల్లలకు బ్లైండ్ బాక్సులు అమ్మొద్దని, ఏ బొమ్మ వచ్చే అవకాశం ఎంతో ముందే చెప్పాలని ఆదేశించింది. 2025 జూన్‌లో ప్రభుత్వ పత్రిక పీపుల్స్ డైలీ మరింత కఠిన నియంత్రణ కావాలని రాయగానే పాప్ మార్ట్ షేరు పడిపోయింది.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

2017లో కంపెనీ ఆదాయం దాదాపు 15.8 కోట్ల యువాన్లు. 2019కి అది 168 కోట్లు. అంతకంటే ముఖ్యమైనది స్థూల లాభం. రూ.100 అమ్మితే సరుకు ఖర్చు పోను 2017లో మిగిలింది 47 నుంచి 48. 2019లో దాదాపు 65. 2025 తొలి ఆరు నెలల్లో 70 దాటింది. అదే కస్టమర్లు, అదే కౌంటర్. సరుకు ఎవరిదన్నదే మారింది.

2020 డిసెంబర్‌లో హాంకాంగ్ మార్కెట్లో లిస్ట్ అయింది. ఇష్యూ ధర 38.5 హాంకాంగ్ డాలర్లు. మొదటి రోజే 69 దగ్గర ముగిసింది. తర్వాత 100 దాటింది. ఇక తిరుగులేదనుకున్నారు. 2022లో అదే షేరు 10 డాలర్ల దరిదాపులకు పడింది. బొమ్మల మోజు తీరిపోయిందని రాసేశారు.

మళ్లీ లేపింది లబుబు. హాంకాంగ్‌లో పుట్టి నెదర్లాండ్స్‌లో పెరిగిన కాసింగ్ లంగ్ 2015లో గీసిన పాత్ర అది. 2019లో పాప్ మార్ట్‌తో ఒప్పందం కుదిరింది. నాలుగేళ్ల పాటు అది ఎన్నో బొమ్మల్లో ఒకటి మాత్రమే. 2023లో వినైల్ ముఖానికి మెత్తని బొచ్చు ఒళ్లు కలిపి బ్యాగుకు తగిలించుకునేలా చేశారు. 2024లో బ్లాక్‌పింక్ సింగర్ లీసా దాన్ని చూపించింది. ఆ ఏడాది లబుబు ఉన్న 'ద మాన్‌స్టర్స్' బొమ్మల ఆదాయం 300 కోట్ల యువాన్లు దాటింది. ముందటేడాదితో పోలిస్తే 726 శాతం పెరుగుదల. కంపెనీ మొత్తం ఆదాయం 2024లో 1,304 కోట్ల యువాన్లు. 2025లో సగం ఏడాదికే అంతకు మించి 1,388 కోట్లు. మన డబ్బులో రూ.16 వేల కోట్ల పైమాటే.

మరి రిస్క్ ఎక్కడ?

ఆ సగం ఏడాది ఆదాయంలో 34.7 శాతం ఒక్క మాన్‌స్టర్స్ నుంచే వచ్చింది. 2015లో సోనీ ఏంజెల్ మీద దాదాపు 30 శాతం ఆధారపడటం ఇబ్బందిగా అనిపించిన షాపు.. పదేళ్ల తర్వాత అంతకంటే ఎక్కువ ఒకే ముఖం మీద నిలబడి ఉంది. తేడా ఏంటంటే అప్పుడు ఆ బొమ్మ వేరేవాళ్లది. ఇప్పుడు ఒప్పందం తన చేతిలో ఉంది. మాలీ, స్కల్‌పాండా, డిమూ, క్రైబేబీ కూడా ఒక్కోటి ఆ ఆరు నెలల్లో 100 కోట్ల యువాన్లు దాటాయి కాబట్టి పూర్తిగా ఒంటికాలి బండి అనలేం. కానీ జనం మనసు మారడాన్ని ఏ ఒప్పందమూ ఆపలేదు.

మార్కెట్ ఇది గమనించింది. 2025 ఆగస్టులో షేరు గరిష్ఠానికి చేరింది. అక్టోబర్‌లో కంపెనీ మూడో త్రైమాసికంలో ఆదాయం 245 నుంచి 250 శాతం పెరిగిందని చెప్పినా షేరు తగ్గింది. ఇన్వెస్టర్ల ప్రశ్న ఒక్కటే. లబుబు తర్వాత ఎవరు?

దీనికి తోడు నకిలీలు. 'లఫూఫు' అని వాటికో పేరే వచ్చేసింది. చిన్న ముక్కలు ఊడి పిల్లల గొంతులో ఇరుక్కునే ప్రమాదం ఉందని అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ 2025 ఆగస్టులో హెచ్చరించింది. బొమ్మ అని పిలుస్తున్నాం కానీ అసలు లబుబు బాక్సు మీద 15 ఏళ్లు పైబడినవారికి అనే ఉంటుంది. పేరెంట్స్ ఇది గుర్తుపెట్టుకోవాలి.

మన దుకాణదారుకి ఇందులో ఏముంది?

బేగంబజార్‌లోనో విజయవాడ వన్‌టౌన్‌లోనో బొమ్మలమ్మే వ్యాపారి ఇదే పని చేయగలడా? బయటి పోటీ మన దగ్గర కొంత తగ్గింది. దిగుమతి బొమ్మలపై కస్టమ్స్ సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు బీఐఎస్ గుర్తు తప్పనిసరి. తయారీలోకి దిగాలన్నా ఆ గుర్తు తీసుకోవాల్సిందే.

కళకూ కొరత లేదు. తెల్ల పొణికి కర్రతో చేసే కొండపల్లి బొమ్మలకు, అంకుడు కర్రతో చేసే ఏటికొప్పాక బొమ్మలకు రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఏపీ శకటం ఏటికొప్పాక బొమ్మలతోనే వెళ్లింది. అయితే ఆ గుర్తింపు కాపాడేది ఊరి పేరును, పనితనాన్ని. కొత్తగా గీసిన ఒక ముఖాన్ని కాదు. దశావతారాలు, అంబారీ ఏనుగు అందరివీ. పాప్ మార్ట్ సంపాదించింది ఒకరికే చెందే ముఖాన్ని. బాక్సు మీద ఆర్టిస్టు పేరు కూడా వేసింది.

ఇక్కడ ఓ చట్టం మెలిక కూడా ఉంది. మన కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 15 ప్రకారం, డిజైన్‌గా నమోదు చేసుకోదగ్గ దాన్ని నమోదు చేయకుండా మెషీన్ మీద 50 కంటే ఎక్కువ తీస్తే ఆ డిజైన్‌పై కాపీరైట్ పోతుంది. అంటే మొదటి సిరీస్ మార్కెట్లోకి వెళ్లకముందే 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేయించుకోవాలి. బొమ్మ హిట్టయ్యాక పరిగెత్తితే ఆలస్యమే.

కాబట్టి పాప్ మార్ట్ నుంచి నేర్చుకోవాల్సింది, వదిలేయాల్సింది రెండూ ఉన్నాయి. కస్టమర్‌ను అడగడం, ఆర్టిస్టు దగ్గరకు వెళ్లడం, హక్కు కాగితం మీద పెట్టుకోవడం నేర్చుకోవాల్సినవి. ఖరీదైన అచ్చు లేకపోయినా వీటిని మొదలుపెట్టొచ్చు. మూసిన బాక్సు మాత్రం చైనాలోనే ప్రశ్నలు ఎదుర్కొంటోంది. పిల్లల జేబు డబ్బుల మీద అదృష్టం లెక్కలు నడపకుండా, బొమ్మను చూపించి అమ్మితే లాభం కాస్త తగ్గుతుందేమో. కానీ నచ్చి కొన్నవాడు మళ్లీ వస్తాడు. ఆ చిన్న షాపు మాలీ దాకా వెళ్లింది కూడా అలా మళ్లీ మళ్లీ వచ్చినవాళ్ల మాట విన్నందుకే.