ఫీజు మనది, వాదన మనపైన

విద్యుత్ కేసుల్లో న్యాయవాదికి ఫీజు ఎవరిస్తారు? ఉత్పత్తి సంస్థ పక్షాన నిలిస్తే ఆ సంస్థ, డిస్కం పక్షాన నిలిస్తే డిస్కం అంటారు. సగమే నిజం. డిస్కం పెట్టే కోర్టు ఖర్చు పరిపాలనా వ్యయంలో చేరుతుంది, ఆ వ్యయం వార్షిక ఆదాయ అవసరాల లెక్కలోకి వెళ్తుంది, నియంత్రణ మండలి ఆమోదముద్ర పడ్డాక మన బిల్లులో దిగుతుంది. ఫీజు కట్టేది మనమే. ఆ గదిలో మన తరఫున లేచి నిలబడేవారే ఉండరు.

చట్టం ఈ సంగతి ఎరుగనిది కాదు. 2003 విద్యుత్ చట్టం 94వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ ప్రకారం వినియోగదారుల ప్రయోజనాల పక్షాన వాదించేందుకు తగినవారిని కమిషన్ నియమించవచ్చు. నియమించాలి అని మాత్రం రాయలేదు. కొన్ని కమిషన్లు అప్పుడప్పుడు పౌర సంస్థలను గుర్తించాయి, కాదనను. కానీ కోట్లాది వినియోగదారుల హక్కు ఆ ‘వచ్చు’ అనే రెండక్షరాల దయమీద వేలాడుతోంది.

వార్షిక టారిఫ్ విచారణకు మనల్ని పిలుస్తారు, కొద్ది నిమిషాలు మాట్లాడనిస్తారు. నిజమైన బేరం జరిగేది అక్కడ కాదు, కొనుగోలు ఒప్పందాల వివాదాల్లో. అక్కడి బ్రహ్మాస్త్రం ‘చట్టంలో మార్పు’ అనే నిబంధన. బిడ్ వేశాక పన్నో సుంకమో మారితే ఆ భారం కొనుగోలుదారుకు బదిలీ అవుతుంది. 2018 జూలైలో దిగుమతి సౌర ఫలకాలపై 25 శాతం రక్షణ సుంకం పడగానే కమిషన్ల ముందు పిటిషన్లు బారులు తీరాయి. 2021 అక్టోబరులో కేంద్రం తెచ్చిన నియమాలతో వసూలు సూత్రబద్ధమై ముందు సాగుతుంది, కమిషన్ పరిశీలన వెనుక నడుస్తుంది.

ముంద్రా కథ ఇంకా ఘాటైనది. టాటా అక్కడ 25 ఏళ్లకు లెక్కగట్టి యూనిట్‌కు 2.26 రూపాయల ధరతో ఐదు రాష్ట్రాలకు కరెంటు అమ్ముతానని బిడ్ గెలిచింది. 2010లో ఇండోనేషియా తన బొగ్గు ధరల నిబంధనలు మార్చింది. ఆ ఊళ్లోనే అదానీ కేంద్రానికీ అదే చిక్కు. 2013లో కేంద్ర కమిషన్ ఇద్దరికీ పరిహార టారిఫ్ మంజూరు చేసింది. ఎనర్జీ వాచ్‌డాగ్, పుణేకు చెందిన ప్రయాస్ వంటి పౌర సంస్థలు పట్టు విడువకుండా సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. విదేశీ ధర పెరగడం ఒప్పందాన్ని తప్పించుకునే సాకు కాదని 2017 ఏప్రిల్ 11న న్యాయస్థానం తేల్చింది.

గెలిచామా? 2018లో గుజరాత్ ప్రభుత్వం ఉన్నతాధికార కమిటీ వేసి ఒప్పందాల సవరణకు దారి వేసింది. 2022 మేలో బొగ్గు కొరత వేళ కేంద్రం 11వ సెక్షన్ ప్రయోగించి, దిగుమతి బొగ్గు కేంద్రాలు పూర్తి సామర్థ్యంతో నడవాలనీ ఇంధన వ్యయాన్ని ధరలో కలపాలనీ ఆదేశించింది. కొరత నిజమే కావచ్చు. తలుపులోంచి పోయినది కిటికీలోంచి వచ్చిందన్నదీ నిజమే.

గ్యాస్ వినియోగదారుకు ఆ కిటికీ పక్కన నిలబడి చూసే భాగ్యం కూడా లేదు. ఇంటికి పైపుల్లో వచ్చే వాయువు ధరను నిర్ణయించే అధికారం పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలికి లేదని 2015లో ఇంద్రప్రస్థ గ్యాస్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పార్లమెంటు ఆ ఖాళీ పూడ్చలేదు.

డిస్కమే వినియోగదారుకు ప్రతినిధి అని ఈ రంగపు న్యాయవాద మిత్రులు నాతో తరచూ అంటారు. తన జేబులోంచి పోని సొమ్ము కోసం ఎవరు ప్రాణం పెట్టి వాదిస్తారు? వసూలు చేయక దాచిపెట్టిన నియంత్రణ ఆస్తుల లెక్క ఒక్క ఢిల్లీ డిస్కంలదే 27 వేల కోట్లు దాటింది. వాటిని గడువులోగా రాబట్టాలని 2025 ఆగస్టు 6న సుప్రీంకోర్టు ఆదేశించింది. అన్నేళ్లు పేరుకున్నదానికి వడ్డీ సహా కట్టాల్సినవారిని ఎవరూ సంప్రదించలేదు.

మిత్రుల్ని నిందించను, కక్షిదారు పక్షాన వాదించడం వారి ధర్మం. మనకే కక్షిదారు హోదా లేదు. ఒహాయో, పెన్సిల్వేనియా రాష్ట్రాలు 1976లోనే వినియోగదారుల న్యాయవాది కార్యాలయాలు పెట్టాయి, ఖర్చు యుటిలిటీల నుంచే రాబడుతున్నాయి. మన కమిషన్లకూ లైసెన్సు రుసుములు వస్తున్నాయి. 94(3)లో ఒక్క క్రియాపదం మార్చి, ఆ రుసుముల్లోంచి ప్రతి కమిషన్ దగ్గర ఒక శాశ్వత న్యాయవాదిని పెట్టడానికి అడ్డేమిటో కేంద్ర విద్యుత్ మంత్రి పార్లమెంటులో చెప్పాలి.